రణకేతు ఆఖరి నీళ్లు

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పైన సింహాల ముద్ర, కింద ఎవరో కమాండరు సంతకం. యుద్ధనౌక రణకేతు ఇరవై ఎనిమిదేళ్ల కొలువు ముగించి మార్చి ఇరవై ఒకటిన పొద్దుగూకే వేళకు విరమించబోతోందని, అందులో పనిచేసిన పాతవాళ్లు బొంబాయి వచ్చి జెండా దిగడం చూడవచ్చునని దాని సారాంశం. ఎర్రగుంటపల్లెలో ఆ ఉత్తరాన్ని కూడబలుక్కునైనా చదవగలిగినవాడు ఆదెప్ప ఒక్కడే. రెండుసార్లు చదివాడు. పదమూడేళ్లు తనను మోసిన ఓడ చచ్చిపోతోందని తెలిసినా, నిజం చెప్పాలంటే, అతనికి ముందుగా దుఃఖం రాలేదు. ఆశ వచ్చింది. ఆ ఆశ ఏమిటో తెలియాలంటే ముందు అతని సంగతి, అతను వేయించిన బోరు సంగతి చెప్పాలి.

ఎర్రగుంటపల్లె బత్తలపల్లెకు మూడు మైళ్లు. ఆ ఊళ్లో సముద్రం చూసినవాడు ఆదెప్ప ఒక్కడే. పద్దెనిమిదో ఏట, వరసగా రెండేళ్లు వేరుశనగ మాడిపోతే, అనంతపురంలో మిలిటరీలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని పోయి వరసలో నిలబడ్డాడు. అది నేవీ వాళ్ల వరస. ఈత వచ్చా అని అడిగారు. వచ్చన్నాడు. ఆ ఊరి బావుల్లో ఈత నేర్చుకోవాలంటే ముందు వాటిల్లో నీళ్లుండాలి కదా. ఆ అబద్ధం మీద ఇరవై రెండేళ్లు కొలువు చేశాడు. అందులో పదమూడేళ్లు రణకేతు మీదే, మూడు విడతలుగా. నీళ్లలో పడే అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకంటే అతని పని ఓడ కడుపులో, ఇంజను గదిలో.

సముద్రపు నీళ్లను కాచి, ఆవిరిని చల్లార్చి, మంచినీళ్లు తీసే యంత్రం అది. దాన్ని ఎవాపరేటరు అంటారు. మూడువందల మంది తాగాలి, వండుకోవాలి. వాళ్లందరికంటే ముందు బాయిలర్లు తాగాలి. గంటకోసారి గాజుగొట్టంలో కాసిని నీళ్లు పట్టి వెండిమందు ఒక చుక్క వేసి చూడాలి. నీళ్లు తేటగా నిలిస్తే మంచివి. తెల్లబడితే ఉప్పు దిగిందన్నమాట, ఆ నీళ్లు పారబోయాలి. ఆదెప్ప మనుషుల మాట కంటే ఆ చుక్క మాట ఎక్కువ నమ్మేవాడు. నీళ్లు పుట్టని నేలలో పుట్టినవాడు నీళ్లు పుట్టించే పనిలో పడ్డాడని అతనికి లోపల ఎంత గర్వమో చెప్పలేం. పై అధికారులు కూడా అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, ‘పానీవాలా’ అనేవాళ్లు. అది బిరుదులాగే వినపడేది.

డెబ్బై రెండులో సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆ కరువు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ ఏడాది పేరెత్తరు. ఇంటికి చేరేసరికి పెళ్లాం సిద్దమ్మ లేదు. తెల్లారకముందు చిత్రావతికి పోయిన మనిషి పొద్దు బారెడెక్కాక రెండు బిందెలతో వచ్చింది. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరినంత ఊరనిచ్చి, కొబ్బరిచిప్పతో తోడుకుని వచ్చింది. మూడువందల మందికి నీళ్లు పోసేవాడి పెళ్లాం ఇసుకలో చిప్ప పెట్టి కూర్చోవడమా అని ఆదెప్పకు తల కొట్టేసినట్టయింది. కూడబెట్టిందంతా తీసి బళ్లారి నుంచి బోరుబండి పిలిపించాడు. ఇంటి ముందు రెండువందల అడుగులు పోయాక నీళ్లు పడ్డాయి. చేతిపంపు బిగించారు.

ఊరు ఊరంతా వచ్చింది. ఆదెప్ప ట్రంకుపెట్టెలోంచి వెండిమందు సీసా తీశాడు. రెండు గాజుగ్లాసులు పెట్టి, ఒకదాంట్లో చెలమ నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు పోశాడు. రెంటిలోనూ చుక్క వేశాడు. చెలమ గ్లాసు మజ్జిగలా తెల్లబడింది. బోరు గ్లాసు తేటగా నిలబడింది. “ఇంగ ఎవురూ ఏటికి పోవద్దండి. ఇవి మా ఓడ నీళ్లకు సమానం” అన్నాడు. ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. చెలమలు ఆ ఏడే పూడిపోయాయి. తరవాత వాటి మీద ఇసుక లారీలు నడిచాయి.

డెబ్బై ఆరులో కొలువు ముగించి వచ్చేసరికి సిద్దమ్మకు మోకాళ్లు పట్టేయడం మొదలైంది. వాతం అన్నారు. ధర్మవరంలో కషాయాలు, అనంతపురంలో సూదులు అయ్యాయి. మోకాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి మెడకు ఎక్కింది. ఎనభై ఐదు నాటికి నలభై ఆరేళ్ల మనిషి నడుము దగ్గర మడతపడి, నేల తప్ప ఇంకేమీ చూడలేని స్థితికి వచ్చింది. మెడ లేవదు. మొగుడి ముఖం చూడాలంటే మొగుడు వచ్చి ఎదురుగా నేలమీద కూర్చోవాలి. పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరూ, మధ్యలో ఆ నడుమూ.

ఆ ఏడు కార్తీకంలో దివాకర్ అని నీళ్లు పరీక్ష చేసే ఆయన అనంతపురం నుంచి సీసాలు పట్టుకుని వచ్చాడు. నెల తిరక్కముందే కాగితంతో మళ్లీ వచ్చాడు. ఆదెప్పను పక్కకు పిలిచాడు.

“మీ బోరులో ఫ్లోరైడు ఉంది పెద్దాయనా. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు ఉంది. మీ ఇంటామె నడుము వాతం కాదు, ఈ నీళ్లే. ఈ వీధి పిల్లల పళ్లమీద గోధుమరంగు చారలు చూడలేదా?”

“నేను సుక్కేసి సూసినాను సార్. తేటగా ఉండాయి.”

“మీ చుక్క ఉప్పును పడుతుంది. దీన్ని పట్టదు. నేల లోతుకు పోయేకొద్దీ ఇది ఎక్కువ. పై నీళ్లలో ఉండదు. మీ పాత చెలమల్లో ఉండి ఉండదు.”

“నడుము మళ్లా లేస్తాదా సార్?”

దివాకర్ కాగితం మడతపెట్టి అతని చేతికిచ్చాడు. “లేవదు. ఇకనైనా మంచినీళ్లు తాగితే ఉన్నకాడికి ఆగుతుంది. లేకుంటే ఇంకో రెండేళ్లకు మంచం మీంచి లేవలేదు” అన్నాడు.

మొగుడనేవాడు చేతులారా ఇంటి ముందు రెండువందల అడుగుల లోతు తవ్వి, విషం తీసి, పెళ్లానికి పదమూడేళ్లు పోశాడు. దీన్ని ఏ నోటితో చెప్పుకుంటాడు? ఆదెప్ప చెప్పలేదు. కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున, తెల్ల యూనిఫారం కింద పెట్టాడు. ఆ మధ్యాహ్నమే పంపు పిడికి ఉండే ఇనపమేకు పీకి అదే పెట్టెలో వేసి, పంపు చెడిపోయిందని, స్పేరు రావాలని ఊరికి చెప్పాడు. అప్పటి నుంచి రోజూ సైకిలుకు రెండు బిందెలు కట్టి, మైలున్నర దూరంలో ఉన్న పక్కవూరి దిగుడుబావి నుంచి నీళ్లు తెచ్చేవాడు. వీధి ఆడవాళ్లు కూడా బిందెలెత్తుకుని ఆ బావికే నడిచారు, దోవపొడుగునా అతన్ని తిట్టుకుంటూ.

“ఏమన్నా, ఆ స్పేరు బొంబాయి నుంచి రావల్లనా, లండను నుంచి రావల్లనా?” అని ఎదురింటి సుంకప్ప రోజూ అడిగేవాడు. సుంకప్ప బండిచక్రాలకు పట్టాలు వేసే పనివాడు. పంపును ఒకసారి విప్పి చూస్తానంటే ఆదెప్ప ఒప్పుకునేవాడు కాదు. బాగుచేసే చేతికి పంపు ఇవ్వనివాణ్ని ఊరు ఏమనుకుంటుంది? నేవీవాడికి తల పొగరెక్కిందనుకుంది.

ఎండలు ముదిరేకొద్దీ పక్కవూరి బావి కూడా దిగిపోతూ వచ్చింది. అప్పుడు ఆదెప్పకు తన పాత విద్య గుర్తొచ్చింది. పెరట్లో పొయ్యి పెట్టి, కుండమీద కుండ బోర్లించి, మట్టితో మెత్తి, ఒక రాగిగొట్టం తగిలించి, బోరునీళ్లు కాచడం మొదలుపెట్టాడు. ఒక మోపు కంపకట్టెలు మండిస్తే ఒక చెంబు నీళ్లొచ్చేవి. మూడోరోజు ఎక్సైజు జవాను వచ్చాడు. పొగ, కుండలు, గొట్టం చూసి సారా బట్టీ అన్నాడు. ఆదెప్ప చెంబు ఎత్తి, తాగి చూడమన్నాడు. జవాను తాగాడు, నీళ్లేనని ఒప్పుకున్నాడు, అయినా కుండలు పగలగొట్టి గొట్టం తీసుకుపోయాడు. సారా కాచినవాళ్లు ఆ మండలంలో ఎందరో హాయిగా బతుకుతుండగా నీళ్లు కాచిన నేరానికి చిక్కినవాడు ఇతనొక్కడే. సుంకప్ప పడీపడీ నవ్వాడు. సిద్దమ్మ కూడా నవ్వింది, నేలను చూస్తూ.

సరిగ్గా ఆ వారంలో వచ్చింది ఉత్తరం.

ఇప్పుడు తెలిసింది కదా ఆశ ఏమిటో. రణకేతులో పెద్ద ఎవాపరేటర్లు రెండు కాక, రేవులో నిలిచినప్పుడు వాడే చిన్నది ఒకటుంది. ఓడ ఎటూ తుక్కుకు పోతుంది. ఆ చిన్నది అడిగి తెచ్చుకుంటే, పాతదో కొత్తదో ఒక బాయిలరు తగిలిస్తే, వీధిలో ఇంటింటికీ పూటకు రెండు బిందెలు తీయవచ్చు. సిద్దమ్మకు చాలు. తరవాత ఊరికి నిజం చెప్పవచ్చు, చేతిలో మందు పెట్టుకుని రోగం పేరు చెప్పినట్టు. ఇదీ అతని లెక్క.

నాలుగు బిందెలు నింపి, మూతలు పెట్టి, సుంకప్ప కోడలు తిప్పమ్మకు అప్పజెప్పాడు. తిప్పమ్మ కొత్తకోడలు, ఐదో నెల. “పెద్దత్తకు ఈ నీళ్లే ఇయ్యమ్మా, వేరేవి ఇయ్యాకు” అన్నాడు. సిద్దమ్మ ముందు గొంతుక్కూర్చుని, “ఓడ పోతాంది సిద్దమ్మా, సూసొస్తా. వారంలో వస్తా” అన్నాడు.

“పో. నీకంటే పెద్దది గదా, దండం పెట్టుకోని రా. నాకు ఓడ ఎట్లుంటాదో చెప్పనే లేదు నువ్వు.”

“మన ఊరంత ఉంటాది.”

“అంత నీళ్లలో మన ఊరా!” అని ఆశ్చర్యపోయింది సిద్దమ్మ.

బొంబాయి రేవులో రణకేతు పండక్కి సున్నం కొట్టిన ఇల్లులా ఉంది. కొత్త రంగేశారు. నడిమి స్తంభం కొసన సన్నటి పొడవాటి జెండా కట్టారు. కొలువు ముగించే ఓడకు అలాంటిది కట్టడం నేవీ ఆచారం. ఓడ ఎన్నేళ్లు చేస్తే అంత పొడుగు. అది ఓడ దాటి, వెనక నీళ్లమీద దాకా వేలాడుతోంది. బ్యాండు వాయించారు. కెప్టెను మాట్లాడాడు. పొద్దుగూకుతుండగా బూరలో ఏడుపులాంటి పాట ఊదారు. జెండా మెల్లగా దిగింది. చుట్టూ తన ఈడువాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే ఆదెప్పకు వేరే ఏడుపు వచ్చింది. ఇనుముకు ఇంత మర్యాద జరుగుతోంది, బ్యాండు, బారులు తీరిన సలాములు. అక్కడ సిద్దమ్మ నడుము వంగినప్పుడు ఎవరు బూర ఊదారు?

గోరంట్ల జయరాముడు అక్కడ దొరికాడు. ఒకప్పుడు ఆదెప్ప చేతికింద చుక్క వేయడం నేర్చుకున్న మనిషి, ఇప్పుడు అదే ఇంజను గదికి పెద్ద. “అన్నా!” అని కావలించుకున్నాడు. కిందికి తీసుకుపోయాడు. ఆదెప్ప నిచ్చెన దిగుతూనే ఆగిపోయాడు. అతనికి తెలిసిన ఇంజను గది మాట వినపడనంత రొద, చొక్కా ఒంటికి అతుక్కుపోయేంత వేడి. ఇప్పుడు చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. బాయిలర్లు ఆర్పి రెండు రోజులైంది. ఎవాపరేటరు మీద చెయ్యి వేశాడు. శవం మీద వేసినట్టుంది.

అప్పుడు చెప్పాడు అంతా. మనిషనేవాడికి మొదటిసారి చెప్పాడు. బోరు, చుక్క, నడుము. చివర, “ఆ చిన్నదాన్ని ఇప్పిచ్చు జయరాముడా” అన్నాడు.

జయరాముడు తల అడ్డంగా ఊపాడు. “అన్నా, ఓడ మొత్తం వేలంలో పోయింది. ఈడ ఒక్క బోల్టు గూడా ఇంగ నేవీది కాదు. రేపు లాక్కపోయి కోస్తారు. అదొక్కటే అయితే కాళ్లావేళ్లా పడి ఏమన్నా చేద్దుం. కానీ దీనికి ఆవిరి కావల్ల. ఆవిరికి బాయిలరు, బాయిలరుకు రోజుకు డ్రమ్ముల నూనె. ఆవిరిని చల్లార్చేకి పక్కన సముద్రం కావల్ల. మన జిల్లాలో సముద్రం యాడుండాదన్నా?” అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికే సిగ్గేసింది. ఎందుకంటే ఇదంతా అతనికి నేర్పింది ఎదురుగా నిలబడ్డ మనిషే.

ఆదెప్పకు తెలియకనా? ఒక బిందె మంచినీళ్లు తీయడానికి ఎన్ని బిందెల చల్లనీళ్లు పక్కనుంచి పారాలో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ రేవులో లేడు. తెలిసీ రెండు పగళ్లు రైలెక్కి వచ్చాడు. ఇంకో దారి ఉంటే వచ్చేవాడు కాదు.

పోయేముందు జయరాముడు ఒక ప్లాస్టిక్ క్యాను తెచ్చిచ్చాడు. ఇరవై లీటర్లది, బూడిదరంగు, మీద తెల్లరంగుతో రణకేతు పేరు. “ఇవి ఆఖరి రోజు సముద్రంలో తీసినవి. ఇంగ ఇది తీయదు. వదినకు ఈ నీళ్లు తాపు. ఎన్నాళ్లొస్తే అన్నాళ్లు” అన్నాడు. కొత్త వెండిమందు సీసా కూడా జేబులో పెట్టాడు. ఆదెప్ప అలవాటు కొద్దీ అక్కడే చుక్క వేసి చూశాడు. తేటగా నిలిచింది.

తిరుగు రైల్లో ఆ క్యానును కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. రాయచూరు దాటాక రైలు ఏ ఊరూ లేని చోట మూడు గంటలు నిలిచిపోయింది. పెట్టె కాలిపోతోంది. ఎదుటి బల్ల మీద చంటిపిల్ల తల్లి గ్లాసు చాపి, “అన్నా, బిడ్డకు ఒక గుక్క” అంది. ఆదెప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె మళ్లీ అడిగింది. “మందు నీళ్లమ్మా, తాగేవి కాదు” అన్నాడు. పదమూడేళ్లలో ఏ నావికుడికీ నీళ్లు లేవని చెప్పని మనిషి. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. గుంతకల్లులో దిగేటప్పుడు అతను ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఇంకో రైల్లో ధర్మవరం చేరి, బస్సెక్కి బత్తలపల్లెలో దిగి, క్యాను భుజాన పెట్టుకుని మూడు మైళ్లు నడిచాడు. వీధి మలుపు తిరగకముందే చప్పుడు వినపడింది. కిర్రుమని పైకి, దబ్బుమని కిందికి. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ చప్పుడు అతను నాలుగు నెలలుగా ఆపి ఉంచిన చప్పుడు.

పంపు దగ్గర పది బిందెలు వరసలో ఉన్నాయి. తిప్పమ్మ పంపు కొడుతోంది. సిద్దమ్మ అరుగు మీద ముడుచుకుని కూర్చుని ఆ నీళ్ల చప్పుడు వింటోంది. మొగుడి కాళ్లు గుర్తుపట్టింది.

“వచ్చినావా! సూసినావా, సుంకప్పతో మేకు చేయించినాను. గంటలో అయిపాయ. స్పేరంట స్పేరు! ఆ బావి నువ్వు పోయిన మూడోరోజుకే అడుగంటింది. బురదే వస్తాంది. సైకిలు తొక్కి తొక్కి నీ రొమ్ము ఎగదోసేది నాకు వినపడదనుకున్నావా? ఇంగ ఆ బాధ తప్పె నీకు” అంది. ఆమె గొంతులో ఎన్నాళ్లకో ఒక సంబరం. మొగుడికి ఒక పని తగ్గించగలిగానన్న సంబరం.

ఆదెప్ప క్యాను దించాడు. పోయి తిప్పమ్మ చేతుల్లోంచి పంపు పిడి లాక్కున్నాడు. “తాగొద్దండి. ఎవురూ తాగొద్దండి” అని అరిచాడు. ఊరు చేరింది. అప్పుడు చెప్పాడు. అందరి ముందూ, వీధిలో, ఏ మందూ చేతిలో లేకుండా చెప్పాడు. పెట్టె అడుగు నుంచి దివాకర్ కాగితం తెచ్చాడు, దాచిన మేకు తెచ్చాడు.

సుంకప్ప కాగితాన్ని అటూ ఇటూ తిప్పి ఇచ్చేశాడు. కోపం లేదు అతనికి. జాలిగా చూశాడు. “అన్నా, ఓడ పాయనని నీ మనసు చెడిండాది. కాగితాల్దేముంది, ఎవురైనా రాస్తారు. ఆ పొద్దు ఊరందర్నీ నిలబెట్టి సుక్కేసి సూపిచ్చింది నువ్వు. ఈపొద్దు మళ్లా ఎయ్యి. తెల్లగైతే నేను చేసిన మేకు నేనే పీకి పారేస్తా.”

“ఆ సుక్కకు ఇది కనపడదు సుంకప్పా.”

“పద్నాలుగేండ్ల కిందట కనపడిండె, ఇప్పుడు కనపడదా?”

అప్పుడూ కనపడలేదు, తేటగా ఉందని నేనే మిమ్మల్ని నమ్మించాను అని ఎన్ని విధాల చెప్పినా వాళ్ల చెవికెక్కలేదు. వాళ్లు ఆదెప్పను నమ్మకపోవడం కాదు. అప్పటి ఆదెప్పను అంతగా నమ్మారు. ఎవరో రెండు గాజుగ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టారు. ఒకదాంట్లో క్యాను నీళ్లు, ఒకదాంట్లో బోరు నీళ్లు. ఆదెప్ప జేబులోంచి సీసా తీశాడు. బతుకంతా చుక్క వేశాడు. నీళ్లు తెల్లబడాలని మొక్కుకుంటూ వేయడం అదే మొదటిసారి.

రెండు గ్లాసులూ తేటగా నిలబడ్డాయి.

“సూడు మల్ల!” అన్నాడు సుంకప్ప, సంతోషంగా. ఊరు ఊపిరి పీల్చుకుంది. తిప్పమ్మ బిందె నడుముకెత్తుకుని పోయింది. ఒకరి తరవాత ఒకరు మళ్లీ పంపు కొట్టారు. ఆదెప్పను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అందరూ పోయాక సిద్దమ్మ, “ఇట్లా ముందుకొచ్చి కూసో” అంది. కూర్చున్నాడు. ఆమె అతని ముఖం వెతికింది.

“నిజమేనా?”

“నిజం.”

“నాకు చెప్పల్లని ఎప్పుడూ అనిపియ్యలేదా?”

“రోజూ అనిపిచ్చె. నోరు రాలే.”

సిద్దమ్మ తన మోకాళ్ల మీద చేతులు వేసుకుని నేలకేసి చూసింది. “నువ్వొచ్చే దోవ సూస్తా ఆ నీళ్లు తాగేదాన్ని” అంది. “మా ఆయన నాకోసం తీసిన నీళ్లని, దప్పి లేకున్నా తాగేదాన్ని. ఆడ మూడు నూర్ల మందికి మంచియి పోస్తివి గదప్పా.”

ఆదెప్ప తల ఆమె మోకాళ్లకు ఆనించి ఏడ్చాడు. యాభై ఏళ్లవాడు, పట్టపగలు, అరుగు మీద. ఆమె చెయ్యి అతని తలమీదికి వచ్చింది. ఓదార్చడానికో, తోసేయడానికో ఆమెకే తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది.

తరవాత ఆమే అంది. “ఆ క్యాను తిప్పమ్మకియ్యి. కడుపుతో ఉండే పిల్ల. నాదెట్లాగూ అయిపాయె.” ఆదెప్ప ఒప్పుకోలేదు. ఆమె పట్టు వదల్లేదు. నీ పాపం ఇరవై లీటర్ల మేరకైనా తగ్గనీ అంది. ఆ మాట మాత్రం పదును తగ్గకుండానే అంది. అతను క్యాను మోసుకుపోయి తిప్పమ్మ ఇంట్లో దించి, ఇవే తాగమ్మా, ఇవి ఒక్కటే తాగు అని చెప్పివచ్చాడు.

మరుసటి పొద్దున తిప్పమ్మ క్యాను తెచ్చి అరుగు మీద పెట్టింది. బరువుగా ఉంది, మూత దాకా నిండుగా. ఆదెప్పకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

“ఏం తల్లీ, తాగలేదా?”

“ఏమనుకోవాకు పెద్దమామా. అవేం నీళ్లు, సప్పగా, ఒక రుసీ పచీ లేదు. నోట్లో పెట్టుకోలేకపోయినా. పారబొయ్యను మనసు రాక దూడకు తాపినా. క్యాను బాగా కడిగి తెచ్చినా” అంది. మళ్లీ కొంచెం సిగ్గుపడుతూ, “వట్టి ఏనం తిరిగిచ్చేది మంచిది కాదని మా అత్త అంటాది. అందుకే బోరునీళ్లు నింపుకోనొచ్చినా” అంది.

ఏ ఇంటి గిన్నె ఆ ఇంటికి ఖాళీగా పోకూడదు. ఏమీ లేకుంటే గుప్పెడు రాగులో, రెండు పచ్చిమిరపకాయలో వేసి పంపుతారు. ఆ కరువులో తిప్పమ్మ ఇంట్లో ఇవ్వగలిగింది నీళ్లే. మంచి కోడలు, పద్ధతి తప్పలేదు. 

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఇంట్లో బిందెలు నాలుగూ బోర్లించి ఉన్నాయి. పక్కవూరి బావిలో బురద. ఆ వేళకు రేవులోంచి రణకేతును తాళ్లు కట్టి లాక్కుపోయి ఉంటారు. లోపలి నుంచి సిద్దమ్మ గొంతు వినపడింది.

“దప్పిగుండాది. కాసిని నీళ్లీ.”

ఆదెప్ప కదల్లేదు. ఆమె ఇంకోసారి అడిగింది. అతను లేచి క్యాను వంచి గ్లాసు నింపి, లోపలికి పోయి, ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఆమె మెడ లేవదు కాబట్టి గ్లాసు పక్కకు వంచి, గడ్డం కింద చెయ్యి పెట్టి, గుక్క గుక్కగా తాపాడు. తిప్పమ్మ మాటలు ఆమె లోపలి నుంచి అన్నీ విన్నది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. కొంగుతో నోరు తుడుచుకుంది.

“బాగుండాయి” అంది. “ఇంకొంచెం పొయ్యి.”

అతను పోశాడు.